దుడ్లు ఒకరివి, ఆట ఇంకొకరిది

ప్రపంచంలో మొట్టమొదటి పోకర్ స్టేకింగ్ ఒప్పందం ఎక్కడ జరిగిందో తెలుసా? హస్తినాపురంలో. నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. సభాపర్వంలో ధర్మరాజు ఆటకి కూర్చున్నాక దుర్యోధనుడేమంటాడు? పందెం ఒడ్డేది నేను, పాచికలు వేసేది మా మామ శకుని అంటాడు. ధర్మరాజుకి అది నచ్చదు, ఒకరి తరఫున ఇంకొకరు ఆడటం సబబు కాదంటాడు. కానీ ఆడతాడు. ఆ తర్వాత జరిగిందంతా మనందరికీ తెలుసు. నాకు ఎప్పుడూ అనిపించేదేమిటంటే, అక్కడ గెలుపోటములు పాచికల కన్నా ముందే సగం తేలిపోయాయి. శకుని ఓడిపోయి ఉంటే ఆయన జేబులోంచి పైసా పోయేది కాదు. ధర్మరాజు వెనక ఎవరూ లేరు. ఆయన సొంత రాజ్యం, సొంత తమ్ముళ్ళు, చివరికి... సరే వదిలేద్దాం.

ఈ గోలంతా ఎందుకంటే, మా టీములో పోకర్ పిచ్చోడు ఒకడున్నాడు. ఆన్‌లైన్ బంద్ అయ్యాక సెలవు పెట్టుకుని గోవా వెళ్ళి మరీ ఆడొస్తాడు. మొన్న లంచ్‌లో మాటల్లో "ఈసారి నా దుడ్లు కాదు మామా, స్టేక్ దొరికింది" అన్నాడు. (వాడిది నంద్యాల, నాది ఆళ్ళగడ్డ. బెంగళూరులో కలిస్తే దుడ్లు అనే మాట దానంతటదే వచ్చేస్తుంది.) స్టేకంటే ఏమిట్రా, అప్పా అనడిగితే వాడికి కోపమొచ్చింది. "అప్పు కాదు. ఓడిపోతే తిరిగియ్యక్కర్లా" అన్నాడు. ఓడిపోతే తిరిగివ్వక్కర్లేని డబ్బు మన వైపు ఎవరిస్తారండీ? నమ్మకం కలగలేదు. వారం రోజులు వాడి బుర్ర తిని తెలుసుకున్నదీ, విడిగా చదివిందీ కలిపి రాస్తున్నాను.

ముందు, ఆటగాడికి వేరేవాడి డబ్బెందుకు? టోర్నమెంటు పోకర్ అంటే వెయ్యిమంది ప్రవేశ రుసుము కట్టి ఆడితే నూటయాభై మందికో ఇంకా తక్కువమందికో డబ్బులొస్తాయి. వాళ్ళలో చాలామందికి వచ్చేది కట్టినదాని కన్నా కాస్త ఎక్కువ, అంతే. పెద్ద మొత్తమంతా చివరి బల్ల మీద మిగిలిన కొద్దిమంది దగ్గర, అందులోనూ మొదటి ముగ్గురి దగ్గర ఉంటుంది. అంటే ఎంత మొనగాడైనా నెలల తరబడి ఓడిపోతూనే ఉంటాడు, ఎప్పుడో ఒక్కసారి కొడతాడు. ఆ ఒక్కసారి వచ్చేదాకా బతికుండాలి కదా! అందుకే వంద టోర్నమెంట్లకి సరిపడా డబ్బు పక్కన లేకుండా ఆ స్థాయి ఆట జోలికి పోవద్దని అనుభవజ్ఞులు చెప్తారు. ఆట వచ్చినవాళ్ళందరి దగ్గరా అంత డబ్బుండదు. డబ్బున్నవాళ్ళందరికీ ఆట రాదు. అలా ఇద్దరూ కలుస్తారు.

లెక్క ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చెప్తాను (అంకెలు నావే). ఒప్పందం సగం సగం అనుకుందాం. మొదటి నెలలో పెట్టుబడిదారు లక్ష రూపాయలు పెట్టాడు, ఆటగాడు ఇరవై వేలే తెచ్చాడు. ఎనభై వేలు నష్టం. ఈ ఎనభై వేలని 'మేకప్' అంటారు. మొహానికి వేసుకునేది కాదు, పూడ్చాల్సిన గుంత అన్నమాట. రెండో నెల ఇంకో లక్ష పెట్టాడు, ఈసారి రెండు లక్షల అరవై వేలు వచ్చాయి. లాభం లక్షా అరవై వేలు. ఇందులోంచి ముందు పాత గుంత ఎనభై వేలు పూడాలి. మిగిలిన ఎనభై వేలని చెరి నలభై పంచుకుంటారు. మొత్తం మీద చూస్తే పెట్టుబడిదారు రెండు లక్షలు పెట్టి, అవి వెనక్కి తీసుకుని, పైన నలభై సంపాదించాడు. ఆటగాడు పైసా పెట్టకుండా నలభై సంపాదించాడు.

అసలు విషయం ఇక్కడుంది. రెండో నెల కూడా మునిగిపోయి ఉంటే? మేకప్ పెరుగుతుంది. మూడో నెల, నాలుగో నెల కూడా అంతే అయితే పెట్టుబడిదారు ఏదో ఒక రోజు ఇక చాలు బాబూ అంటాడు. ముందే అనుకున్న పరిమితి దాటితే ఆగిపోవడం చాలా ఒప్పందాల్లో ఉంటుంది. అప్పుడు ఆ గుంత ఎవరిది? మామూలుగా పెట్టుబడిదారుది. ఆటగాడి ఇంటి మీదికి ఎవరూ రారు, వాళ్ళ నాన్న పొలం కాగితాలు ఎవరూ అడగరు. ఆటగాడే మధ్యలో మానేసి వేరేవాడి దగ్గరికి పోతానంటే మాత్రం ఊరుకోరు, గుంత పూడ్చి వెళ్ళమంటారు, లేదా కొత్తవాడు ఎంతో కొంత ఇచ్చి విడిపించుకోవాలి.

ఇందులో ఇంకో పద్ధతి కూడా ఉంది. నెలల తరబడి కాకుండా ఒక్క టోర్నమెంటుకే తనలో కొంత వాటా అమ్ముకోవడం. లక్ష రూపాయల టోర్నమెంటులో సగం వాటా యాభై వేలకి అమ్మాలి కదా, పేరున్నవాడు అరవై వేలకి అమ్ముతాడు. ఆ పైన పదివేలు వాడి ఆటకి కూలి. 2003లో ప్రపంచ పోకర్ సిరీస్ ప్రధాన పోటీ గెలిచి 25 లక్షల డాలర్లు పట్టుకెళ్ళిన క్రిస్ మనీమేకర్ (అసలు ఇంటిపేరే అదండీ, నేను పెట్టలేదు) కూడా అంతకు ముందే కొంత వాటా తండ్రికీ, ఒక స్నేహితుడికీ అమ్ముకునే వెళ్ళాడు. ఇక స్నేహితులైన ఆటగాళ్ళు చెరో ఐదు శాతం ఇచ్చిపుచ్చుకోవడం సరేసరి.

అంతా మాట మీద నడుస్తుంది. నడవనప్పుడు ఏమవుతుందో 2006లో చూశాం. ఆ ఏడు అదే పోటీ గెలిచిన జేమీ గోల్డ్‌కి వచ్చింది కోటీ ఇరవై లక్షల డాలర్లు. అందులో సగం నాదేనంటూ క్రిస్పిన్ లేసర్ అనే అతను కోర్టుకెక్కాడు. పోటీలో సీటు ఇప్పించే విషయంలో ఇద్దరి మధ్యా మాట అయిందని, ఆ మాటకి గోల్డ్ ఫోనులో వదిలిన సందేశమే సాక్ష్యమని అతని వాదన. చివరికి 2007లో రాజీ పడ్డారు.

మరి మన దేశంలో ఇలాంటి తగువు కోర్టుకెళ్తే? నాకు ఈ టపా రాస్తుంటే బాగా నచ్చిన సంగతి ఇదే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. పందెంలో గెలిచిన డబ్బు ఇప్పించమని కోర్టుకి పోలేం. కానీ పందెం కాయడానికి ఇద్దరు కలిసి పెట్టుకున్న భాగస్వామ్యం? అచ్చం ఈ ప్రశ్నే 1959లో సుప్రీంకోర్టుకొచ్చింది. గెరూలాల్ పారఖ్ కేసు. రెండు కుటుంబాలవాళ్ళు కలిసి హాపూరు వర్తకులతో గోధుమల వాయిదా బేరాలు చేశారు, అంటే ధర పెరుగుతుందా తగ్గుతుందా అని పందెం. మునిగారు. ఒకాయన నష్టమంతా కట్టేసి సగం ఇమ్మని రెండో ఆయన్ని అడిగితే, పందేనికి భాగస్వామ్యమేమిటి, చెల్లదు పొమ్మన్నాడు. కోర్టేమందంటే, పందెం ఒప్పందం చెల్లదు గానీ అది నేరమూ కాదు, అనైతికమూ కాదు, కాబట్టి దానికి అనుబంధంగా చేసుకున్న భాగస్వామ్యం చెల్లుతుంది, సగం నష్టం కట్టాల్సిందే అంది. తీర్పు రాసింది ఎవరో కాదు, మన కోకా సుబ్బారావు గారు. ఆంధ్ర హైకోర్టుకి మొదటి ప్రధాన న్యాయమూర్తి, తర్వాత దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయినాయన. మా పోకర్ వాడికి ఇది చెప్తే "అయితే సుబ్బారావు గారి ఫోటో పర్సులో పెట్టుకుంటా" అన్నాడు :-)

అంత సంబరం వద్దులెండి. ఆటే నేరమైన చోట ఆ తీర్పు ఆదుకోదు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటేనని సుప్రీంకోర్టు చెప్పింది కూడా మన కేసులోనే. సికింద్రాబాదు క్లబ్బు మీద దాడితో మొదలై 1968 రిపోర్టుల్లోకెక్కిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ సత్యనారాయణ. అదే తీర్పులో మూడు ముక్కలాటని ఉత్త అదృష్టం ఖాతాలో వేశారు. పోకర్ సంగతి ఎటూ తేలలేదు. బెంగాల్ చట్టం దాన్ని జూదం లెక్కలోంచి తీసేస్తే, గుజరాత్ హైకోర్టు 2017లో జూదమేనంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో ఆర్డినెన్సులతో నిషేధించాయి. 2023 ఏప్రిల్ నుంచి నికర గెలుపు మీద 30 శాతం టీడీఎస్, అదే ఏడు అక్టోబరు నుంచి జమచేసిన మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వచ్చిపడ్డాయి. (ఇక్కడో తిరకాసు. టీడీఎస్ ఆటగాడి పేరు మీద కట్ అవుతుంది, గెలుపులో సగం మాత్రం పెట్టుబడిదారుకి పోవాలి. పన్ను ఎవరు మోస్తారన్నదాని మీద చాలా స్నేహాలు చెడ్డాయట.) చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి, నైపుణ్యమో అదృష్టమో నాకనవసరం, ఆన్‌లైన్లో డబ్బు పెట్టి ఆడించడమే కూడదంది. పెద్ద కంపెనీలన్నీ డబ్బాటలు ఆపేశాయి.

నేను ఆ చట్టాన్ని తిట్టడానికి ఇది రాయటంలేదు. పోకర్‌ని పొగడటానికీ కాదు. ఈ గొడవలో ఒక మాట ఎవరూ అనలేదేమిటా అని నాకనిపించింది. మా వైపు పేకాటలో చితికిపోయినవాళ్ళని చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. వాళ్ళలో తన డబ్బు పోయి చితికినవాడు తక్కువ. ఆట మధ్యలో అప్పు తెచ్చి, అది పోతే దాన్ని పూడ్చటానికి ఇంకో అప్పు తెచ్చి చితికినవాళ్ళే ఎక్కువ. పేకాట జరిగే చోట పక్కనే వడ్డీకి ఇచ్చేవాడు కూర్చుని ఉంటాడు. ఆడేవాడు గెలిచినా వాడికి వడ్డీ, ఓడినా వాడికి వడ్డీ. ఆటలో అసలు ఓడనివాడు వాడొక్కడే. తర్వాత రోజుల్లో వాడి స్థానంలోకి ఫోనులో లోన్ యాప్ వచ్చింది, అంతే తేడా. 2015 డిసెంబరులో బెజవాడ కాల్ మనీ వ్యవహారం బయటపడినప్పుడు జనం ఆశ్చర్యపోయినట్టు చేశారు గానీ, ఆ పద్ధతి తెలియని ఊరు రాష్ట్రంలో ఉందా?

పోకర్‌లో పెట్టుబడిదారు అలా కాదు. ఆటగాడు ఓడితే తనూ ఓడతాడు. అందుకని ఏం చేస్తాడు? డబ్బిచ్చే ముందు గత ఏడాది ఆటల లెక్కలన్నీ చూస్తాడు. వారానికోసారి కూర్చుని ఫలానా చోట ఎందుకలా ఆడావని అడుగుతాడు. కొందరైతే పది ఇరవై మందిని చేరదీసి, వాళ్ళకి శిక్షణ ఇప్పించి మరీ ఆడిస్తారు. తాగి ఆడొద్దంటాడు, నిద్ర సరిపోయిందా అంటాడు. ప్రేమ ఏమీ కాదండీ. లాభం లేనిదే వ్యాపారి వరదకి పోడు. తన డబ్బు ఆటగాడి ఆటలో ఇరుక్కుపోయింది కాబట్టి వాడి నిద్ర గురించి కూడా పట్టించుకోవాల్సొచ్చింది. వడ్డీకిచ్చేవాడు మీ నిద్ర గురించి ఎప్పుడైనా అడిగాడా?

మాకు ఇది కొత్తేమీ కాదు నిజానికి. సేద్యంలో గుత్త, కోరు అని రెండున్నాయి. గుత్త అంటే ఎకరాకి ఇంత అని ముందే మాట్లాడేసుకుంటారు, వాన రానీ, పురుగు తిననీ, ఆ మొత్తం కట్టాల్సిందే. కోరు అంటే పండినదాంట్లో ఇద్దరికీ పాలు, పండకపోతే ఇద్దరికీ లేదు. గుత్త అప్పులాంటిది, కోరు స్టేకింగ్‌లాంటిది. కోరుకి చేసేవాడు మనసు పెట్టి చేయడని, పండినదాంట్లో సగం పోతుంది కదాని ఎరువు తగ్గిస్తాడని ఆర్థిక శాస్త్రంలో మార్షల్ కాలం నుంచీ ఒక వాదన ఉంది. పోకర్‌లోనూ ఈ జబ్బుంది. ఐదు లక్షల గుంతలో ఉన్నవాడికి లక్ష గెలిచినా తనకేమీ రాదు, దాంతో వాడికి ఆట మీద శ్రద్ధ పోతుంది, లేకపోతే పిచ్చి సాహసాలు చేస్తాడు. అందుకే తెలివైన పెట్టుబడిదారులు అప్పుడప్పుడూ గుంతలో కొంత మాఫీ చేస్తారట. రుణమాఫీ! మన రాజకీయ నాయకులకి ఓట్ల కోసం తట్టిన ఉపాయం, వీళ్ళకి లెక్క వేసుకుంటే తట్టింది.

(పిల్లనిస్తామని మాట పుచ్చుకుని కాబోయే అల్లుణ్ణి అమెరికాలో ఎమ్మెస్ చదివించే మామగార్లు కూడా స్టేకింగ్ చేస్తున్నట్టేనా అని మా వాడినడిగాను. "అదే అన్నిటికన్నా దారుణమైన డీల్. మేకప్ జన్మలో తీరదు" అన్నాడు. వాడికింకా పెళ్ళి కాలేదు.)

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. నంద్యాల, ఆళ్ళగడ్డ, శిరివెళ్ళ, రుద్రవరం వైపు పత్తి విత్తనాల సేద్యం ఏళ్ళ తరబడి ఉంది. మామూలు పత్తి కాదు, మీరు అంగట్లో కొనే 475 గ్రాముల హైబ్రిడ్ ప్యాకెట్‌లో ఉండే విత్తనం పండించడం. ఆడ మొక్కల మొగ్గల్ని సాయంత్రం పూట ఒక్కొక్కటే గిల్లి, మర్నాడు పొద్దున్నే మగ పువ్వు పుప్పొడి తెచ్చి ఒక్కొక్కదానికే అద్దాలి. క్రాసింగ్ అంటారు. రెండు మూడు నెలలు రోజూ ఇదే పని, ఎకరాకి పదిమంది కూలీలు దాకా కావాలి. ఈ పనికి బడి మానిపించి ఆడపిల్లల్ని పెట్టారని 2000 తర్వాతి సంవత్సరాల్లో దేశదేశాల్లో గొడవైంది కూడా మా జిల్లా గురించే. అది వేరే పెద్ద కథ.

ఇప్పుడు ఇందులో డబ్బు ఎలా తిరుగుతుందో చూడండి. కంపెనీ మూల విత్తనం ఇస్తుంది. కంపెనీకీ రైతుకీ మధ్యలో ఆర్గనైజరు ఉంటాడు. అతను రైతుకి కూలీలకీ మందులకీ అడ్వాన్సు ఇస్తాడు, వడ్డీకి. పంట వచ్చాక జిన్నింగ్ చేయించి విత్తనం అప్పజెప్పాలి. అప్పుడు పరీక్షలు. మొలక శాతం ఒకటి, రెండోది జీఓటీ. అంటే శాంపిల్ విత్తనాల్ని వేసి, పెంచి, వాటిలో కలగలుపు ఎంతుందో చూడటం. దానికి నెలలు పడుతుంది. పాసయితే ప్యాకెట్‌కి ఇంత అని లెక్కకట్టి, అడ్వాన్సూ వడ్డీ పట్టుకుని మిగిలింది ఇస్తారు. ఫెయిలయితే ఆ విత్తనం విత్తనం కింద లెక్క కాదు. అడ్వాన్సు మాత్రం అడ్వాన్సే, వడ్డీ వడ్డీయే.

దీన్ని పోకర్ భాషలోకి మార్చి, పేర్లు తీసేసి, మా వాడికి పెట్టాను. టోర్నమెంటు ఏదో పెట్టుబడిదారే నిర్ణయిస్తాడు. ముక్కలు అతనే ఇస్తాడు. నువ్వు మూడు నెలలు రోజూ ఆడతావు, కుర్చీ బల్ల ఖర్చు నీది. గెలిచావో లేదో ఆట అయిన కొన్ని నెలలకి అతనే చెప్తాడు, నువ్వు చూడటానికి లేదు. గెలిస్తే ముందే అనుకున్న కూలి ఇస్తాడు, లాభంలో వాటా కాదు. ఓడిపోతే అతనిచ్చిన డబ్బు వడ్డీతో సహా నువ్వు కట్టాలి. డీల్ ఓకేనా?

వాడు కాసేపు నా మొహం చూసి "ఇదెవరు తీసుకుంటార్రా?" అన్నాడు.

వాళ్ళ పెదనాన్న తీసుకున్నాడు. ఆ సంగతి వాడికీ తెలుసు, ఈ కోణంలో ఎప్పుడూ చూడలేదంతే.

కంపెనీలకేమీ జాలి ఉండక్కర్లేదు, పోకర్ పెట్టుబడిదారుకున్నంత లెక్క ఉంటే చాలంటాను. ఫెయిలయిన పంట నష్టంలో కంపెనీకీ ఆర్గనైజరుకీ కూడా ఒక పాలు పెట్టండి. పోయిన అడ్వాన్సులో సగం మీది అనండి చాలు. జీఓటీ ఎవరు చేస్తున్నారు, ఎలా చేస్తున్నారు, రైతు ముందు చేయొచ్చు కదా, మూల విత్తనంలోనే కలగలుపు ఉందేమో ముందు చూసుకుందాం, ఇవన్నీ రైతు సంఘాలు ధర్నా చేయకుండానే వాళ్ళంతట వాళ్ళకే గుర్తొస్తాయి. కష్టంలో ఉన్న చేనుకి సలహా చెప్పే మనిషి పిలవకుండానే వస్తాడు. ఇన్నేళ్ళుగా అడ్వాన్సు భద్రంగా ఉంది కాబట్టి ఎవరికీ ఆ అవసరం రాలేదు.

అలా పెడితే కంపెనీలు అందరికీ ఇవ్వవు, బాగా పండించేవాళ్ళనే ఏరుకుంటాయి కదా అని మీరనొచ్చు. నిజమే. పోకర్‌లో కూడా అందరికీ స్టేక్ దొరకదు, నూటికి తొంభైమందికి పైగా దొరకదు. దొరకనివాడికి అది అవమానంగానే ఉంటుంది. కానీ నువ్వు ఈ ఆటకి పనికిరావని డబ్బిచ్చేవాడే ముందుగా చెప్పడం, నాలుగేళ్ళ తర్వాత పొలం అమ్మి తెలుసుకోవడం కన్నా నయమే కదా? వడ్డీకిచ్చేవాడు ఎప్పుడూ నువ్వు పనికిరావనడు. నీ దగ్గర పొలం ఉందా లేదా అన్నదే చూస్తాడు.

పొలం కూడా లేని గుత్త రైతు సంగతి ఇంకా అన్యాయం. 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. పదకొండు నెలలకి ఒక కార్డు ఇస్తారు, దాని మీద బ్యాంకు పంట రుణం అడగొచ్చు. అయితే ఆ కార్డుకి భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే ఎక్కడ హక్కు పోతుందోనని ఎంతమంది యజమానులు భయపడతారో మా ఊళ్ళో ఏ అరుగు మీద కూర్చున్నా వినొచ్చు. సంతకం లేకపోతే కార్డు లేదు, కార్డు లేకపోతే బ్యాంకు లేదు. మళ్ళీ ఆర్గనైజరు దగ్గరికో, ఎరువుల అంగడికో.

మా వాడు ఈ నెలాఖరుకి గోవా పోతున్నాడు. వాడి ఒప్పందం ఒక పేజీ, నేనూ చదివాను. ఓడితే ఎవరికి ఎంత అన్నది మొదటి పేరాలోనే ఉంది. వాళ్ళ పెదనాన్న విత్తనాల కాగితం చూపించమని అడిగితే, ఆర్గనైజరు దగ్గరే ఉంటుందప్పా, మాకియ్యరు అన్నాడాయన.